రుచి చూడరాదు

నాలుగు మూలలా అన్నం మెతుకులు అద్ది, షాహిదా ఆ అట్టముక్కను అంగడి ముందున్న స్తంభానికి గట్టిగా ఒత్తింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా కనిపిస్తాయి.

సరుకులు ముట్టుకోరాదు.
రుచి చూడరాదు.
ఊరికే కూర్చోరాదు.
త్వరగా కొని త్వరగా వెళ్ళవలెను.

ఆ 'వెళ్ళవలెను' అన్న మాట మీద ఆమెకు మరీ మోజు. బడిలో హెడ్ మాస్టారు నోటీసులు అలాగే రాస్తారు.

షాహిదా ఆరో తరగతి. వాళ్ళ నాయన పీరాసాబ్‌ది బెళుగుప్పలో చిన్న కిరాణా అంగడి. ఆ ఆదివారం ఆయన సరుకుల కోసం తొలి బస్సుకే కళ్యాణదుర్గం వెళ్ళాడు. అమ్మ అమీర్ బీ అంగడి వెనక ఇంట్లో వంట చేస్తోంది. కాబట్టి అంగడికి ఇవాళ షాహిదాయే రాణి. రాణి అన్నాక చట్టాలు ఉండాలి కదా!

ఈ చట్టాల ఆలోచన ఆమెకు పోయిన వారం వచ్చింది. షహనాజ్ చిన్నమ్మ వెంట కళ్యాణదుర్గంలో ఒక పెద్ద మార్టుకు వెళ్ళింది. లోపల చల్లగా ఉంది. అన్నీ ప్యాకెట్లే. ఎక్కడ చూసినా బోర్డులే. కొనేవాళ్ళు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మెషిన్ మాత్రం టిక్కుటిక్కుమంటుంది. షాహిదాకు అది తెగ నచ్చేసింది.

నాయన అంగట్లో అలా కాదు. ఒక్కొక్కరూ అరగంట నిలబడతారు. కందిపప్పు అరచేతిలో పోసుకుని గింజ గింజా చూస్తారు. ఎండుమిరపకాయ విరిచి వాసన చూస్తారు. బెంచీ మీద కూర్చుని వాన ఎప్పుడొస్తుందో మాట్లాడుకుంటారు. ఆ వాన రాదు, వీళ్ళు లేవరు.

మొదట హనుమంతప్ప వచ్చాడు. వీధి చివర ఉండే పెద్దాయన. రోజూ పొద్దున ఫలహారానికి ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు కొంటాడు. కొనేముందు నాలుగు బొరుగులు నోట్లో వేసుకుని కరకరమంటున్నాయో లేదో చూస్తాడు.

"ఏం పాపా, మీ నాయన లేడా?" అంటూ బొరుగుల సంచిలో చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టుకోవద్దు తాతా! ఆడ బోర్డుండాది, చూడు."

హనుమంతప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నాలుగు వరుసలూ నిదానంగా చదివాడు.

"బాగా రాసినావు పాపా. ఒగటి మర్సిపోయినావు. 'అంగడికి రారాదు' అని గూడా రాసెయ్. సరిపోతాది."

ఆయన బొరుగులు కొనకుండానే వెళ్ళిపోయాడు. తాత తమాషా చేస్తున్నాడనుకుంది షాహిదా.

కాసేపటికి ఒక షేర్ ఆటో ఆగింది. అందులోంచి మారెక్క, ఆమె మనవరాలు రేఖ దిగారు. మారెక్కది వంక అవతలి పల్లె. ముసలావిడే గానీ నడుం వంగలేదు. రేఖ చేతిలో మడతపెట్టిన కాగితం, చంకలో రెండు ఖాళీ సంచులు ఉన్నాయి.

మారెక్క నేరుగా బెల్లం తట్ట దగ్గరకు వచ్చింది. ఒక అచ్చు మూలన చిన్న ముక్క విరిచి నోటి దగ్గరకు తీసుకుపోయింది.

"ఏయ్ అవ్వా! పెట్టు ఆడ!"

మారెక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బోర్డు కనపడలేదా? రుచి చూడగూడదు."

"నాకు సదువు రాదు పాపా. రోంత బెల్లం నోట్లో ఏసుకుంటే ఏమైతాది? రుచి చూడకుండా ఎట్ల కొనేది?"

"అందరూ రోంత రోంత తింటే మాకేం మిగుల్తాది? కొనేదుంటే కొను, లేకుంటే పో. ఎనక లైనుండాది."

వెనక లైనేమీ లేదు. ఒక మేక మాత్రం ఉంది. కళ్యాణదుర్గం మార్టులో కౌంటరు దగ్గరి మనిషి ఎవరినో అలా కసరడం విని, అదేదో గొప్ప మాట అనుకుని షాహిదా కూడా అనేసింది.

రేఖ ముఖం ఎర్రబడింది. "మా అవ్వ నీకు తినేకి వచ్చినట్ల కనపడిందా?"

"పదమ్మే," అంది మారెక్క మెల్లగా. "చిన్నపిల్లతో మనకేం మాటలు?"

ఆమె ఆ ముక్కను తీసుకుని మళ్ళీ తట్టలోనే పెట్టింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. ఖాళీ సంచులతోనే ఇద్దరూ రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

తన చట్టం బాగా పనిచేసిందని షాహిదా సంతోషపడాలనుకుంది. కానీ ఎందుకో తట్టలోని ఆ చిన్న ముక్క వైపు చూడాలనిపించలేదు.

మధ్యాహ్నం లోపల ఇంకో ఇద్దరు మాత్రమే వచ్చారు. సబ్బు ఒకరు, అగ్గిపెట్టె ఒకరు కొన్నారు. త్వరగా కొని, త్వరగా వెళ్ళారు.

రెండు గంటలకు పీరాసాబ్ ఆటో నిండా సరుకులతో దిగాడు. కందిపప్పు, చక్కెర, నూనె డబ్బాలు, మూడు మూటల బెల్లం. చొక్కా చెమటకు తడిసిపోయింది, అయినా ముఖంలో సంతోషం ఉంది.

"పాపా, మారెక్క వచ్చిందా?" అన్నాడు దిగీ దిగకముందే. "శుక్రవారం రేఖ పెండ్లి. సరుకులన్నీ మనకాడే తీసుకుంటామని చెప్పి పంపించింది. అందుకే ఇంత ఏసుకొచ్చినా."

షాహిదా చూపు స్తంభం మీది బోర్డు వైపు పోయింది.

అమీర్ బీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఈ బేరం గాన అయిందంటే నీ బెంగళూరు ప్రయాణం ఆగినట్లే గదా?"

"బెంగళూరేందమ్మా?" అంది షాహిదా.

పీరాసాబ్ నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. "నీకు చెప్పలేదు పాపా. రెండేండ్లాయ చెనిక్కాయ పండక. పంట లేకుంటే అంగడికి యాడ వస్తారు? కలీముల్లా చిన్నాయన బెంగళూరులో వాచ్‌మన్ పని చూసినాడు. వచ్చే నెల నన్ను రమ్మంటాండాడు."

"మరి మారెక్క అవ్వకూ దానికీ ఏం సంబంధం?"

"ఆయమ్మ నాలుక మీద ఆ పల్లెకంతా నమ్మకం. ఆయమ్మ యాడ కొంటే అందరూ ఆడే కొంటారు. ఈ పెండ్లి సరుకు మనకాడ కొన్నిందంటే అంగడి నిలబడతాది. లేకుంటే నేను పోవల్సిందే."

నాయన లేని ఇంటిని షాహిదా ఎప్పుడూ ఊహించుకోలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు ఎవరు నవ్విస్తారు? సైకిలు చైను ఊడితే ఎవరు వేస్తారు?

ఆమె బయటకు పరిగెత్తింది. స్తంభం మీది బోర్డు పీకి, తెచ్చి నాయన ముందు పెట్టింది. తల ఎత్తకుండా, ఒక్క మాట దాచకుండా జరిగిందంతా చెప్పింది. లైను లేదని, మేక మాత్రమే ఉందని కూడా చెప్పింది.

పీరాసాబ్ అరవలేదు. చెయ్యి ఎత్తలేదు. బోర్డు చేతిలోకి తీసుకుని నాలుగు వరుసలూ చదివాడు. తిట్టినా బాగుండేదనిపించింది షాహిదాకు.

చదివి, బోర్డు పక్కన పెట్టి ఆయన అడిగాడు. "ఆయమ్మ బెల్లం ఎందుకు నోట్లో ఏసుకుంటాదో తెలుసునా నీకు?"

"ఊరికే తినేకి అనుకున్నా నాయనా."

"మన పక్క కొన్ని బోర్లలో ఉప్పునీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు పెట్టి చెరుకు పండిస్తే బెల్లం గూడా ఉప్పగయితాది. చూసేకి మాత్రం బంగారం మాదిరి ఉంటాది. మారెక్క పెద్దకూతురి పెండ్లిలో అట్లాంటి బెల్లమే కొన్నారు, రుచి చూడకుండా. దాంతోనే పూర్ణం నూరి నాలుగు నూర్ల ఓళిగలు చేసినారు. జనం ఒక ముక్క తిని, మిగిలింది ఆకులోనే వదిలేసి లేచిపోయినారు. వియ్యంకులు ఇప్పటిగ్గూడా ఆ మాట ఎత్తి పొడుస్తానే ఉంటారు. ఆ పొద్దు నుంచి పల్లెలో ఎవురింట్లో పెండ్లయినా బెల్లం ఆయమ్మే రుచి చూస్తాది."

షాహిదా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిండి కోసం వచ్చిందని తను అనుకున్న మనిషి, పెళ్ళింటి పరువు నాలుక మీద మోసుకుని వచ్చింది.

పీరాసాబ్ లేచి చొక్కా మార్చుకున్నాడు. "నేను పోయి మాట్లాడి వస్తా."

"నేనూ వస్తా నాయనా. అన్నింది నేను. నేనే మాట్లాడల్ల." ఆమె కళ్ళు తుడుచుకుంది. "బెల్లం గూడా తీసుకుపోదాం. వాళ్ళింట్లోనే రుచి చూపిద్దాం."

మూడు మూటలూ విప్పింది. ఒక్కో దాంట్లోంచి ఒక అచ్చు తీసింది. మూడో మూటలోది అన్నిటికంటే బాగుంది. పసుపుపచ్చగా మెరుస్తోంది. చిన్న ముక్క నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. మింగబోతుంటే నాలుక వెనక ఏదో తేడాగా తగిలింది.

"నాయనా, ఇది... ఉప్పగుండాది!"

పీరాసాబ్ కూడా ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆయన ముఖం మారిపోయింది. మూట పక్కనే కూలబడ్డాడు.

"మండీలో నువ్వు చూడలేదా నాయనా?"

"చూడబోయినా పాపా. ఆ సేటు కసురుకున్నాడు. 'కొనేదుంటే కొను, లేకుంటే పో, ఎనక లైనుండాది' అన్నాడు. అంతమందిలో సిగ్గయింది. గమ్మున ఎత్తుకొచ్చినా."

అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. నాయన తల దించుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దున కొంగుకు వేళ్ళు తుడుచుకున్న మారెక్కకు ఎలా ఉండి ఉంటుందో షాహిదాకు అప్పుడు తెలిసింది.

మిగతా రెండు అచ్చులూ రుచి చూసి, బాగున్నాయని తేల్చుకున్నాక ఆమె మూడింటినీ మూడు కాగితాల్లో చుట్టింది.

"ఆ ఉప్పుది ఎందుకు? అది రేపు మండీకి తిప్పి పంపిస్తా," అన్నాడు పీరాసాబ్.

"అది గూడా చూపించల్ల నాయనా. దాచిపెడితే మనల్ని ఎట్ల నమ్ముతాది?"

పీరాసాబ్ కూతురి వైపు ఒక్క క్షణం చూశాడు. టీవీఎస్ బండి బయటకు తీశాడు.

గాలిమరల కింద నుంచి, దుక్కి దున్ని వాన కోసం వదిలేసిన చేల మధ్య నుంచి బండి డగడగమంటూ పోయింది. దారి పొడుగునా షాహిదా తను చెప్పాల్సిన మాటలు లోపల్లోపల చెప్పుకుంటూనే ఉంది. పల్లె రాగానే అన్నీ మర్చిపోయింది.

మారెక్క ఇంటి ముందు చప్పరం వేశారు. దాని నీడలో మారెక్కతో పాటు పది మంది ఆడవాళ్ళు బియ్యం చెరుగుతున్నారు. రేఖ నాయన నాగప్ప ట్రాక్టరుకు ట్రాలీ తగిలిస్తున్నాడు.

"ఏమప్పా పీరాసాబూ, ఇంగేం పని ఈడ?" అన్నాడు నాగప్ప విసురుగా. "మేము కళ్యాణదుర్గానికి పోతాండాం, సరుకులకి."

బియ్యం చెరిగే చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ షాహిదా వైపే చూస్తున్నారు. పొద్దున జరిగింది అందరికీ తెలుసని ఆ చూపులే చెప్పాయి.

షాహిదా నాయన చెయ్యి వదిలేసి మారెక్క ముందుకు వెళ్ళింది.

"అవ్వా, నాదే తప్పు. నిన్ను పొమ్మన్నా. తినేకి వచ్చినావన్నట్ల మాట్లాడినా. మా నాయన అట్ల ఎప్పుడూ అనడు. నేనే అన్నా. రుచి చూడవ్వా, బెల్లం తెచ్చినా."

"నాకొద్దు," అంది మారెక్క చేట దించకుండానే. "రుచి చూడగూడదని మీ బోర్డులో రాసినారంట గదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. షాహిదా ముఖం మండిపోయింది. పారిపోవాలనిపించింది. కానీ నాయన బెంగళూరు బస్సు ఎక్కుతున్నట్టు కళ్ళ ముందు కనిపించింది. అక్కడే నిలబడింది.

"ఆ బోర్డు పీకేసినానవ్వా." కాగితాలు విప్పి చేట పక్కన పెట్టింది. "ఈ రెండూ బాగుండాయి. ఇది మాత్రం కొనొద్దు. చూసేకి బాగుండాది గానీ ఉప్పగుండాది. ఇట్లాంటిది ఒక మూట వచ్చింది మాకు."

మారెక్క చేట దించింది. మెరిసే అచ్చును చూసింది. తర్వాత షాహిదాను చూసింది.

"పొద్దున కొనేదుంటే కొను, లేకుంటే పో అంటివి. ఇప్పుడు కొనొద్దు అంటాండావు. అంగడి ఎట్ల చేస్తావే నువ్వు?"

ఈసారి అందరూ నవ్వారు. నాగప్ప కూడా నవ్వాడు. మారెక్క మాత్రం నవ్వలేదు.

"ఉప్పగుండాదని ఎవురు చెప్పినారు? మీ నాయనా?"

"లేదవ్వా. నేనే కనుక్కున్నా."

"అట్లనా? అయితే కండ్లు మూసుకో."

షాహిదా కళ్ళు మూసుకుంది. మారెక్క మూడు అచ్చుల్లోంచీ ముక్కలు విరిచి, పళ్ళెంలో అటూ ఇటూ కలిపేసింది. మొదటి ముక్కలో సగం తుంచి షాహిదా నాలుక మీద పెట్టింది.

తీపి. అయినా షాహిదా వెంటనే చెప్పలేదు. అది పూర్తిగా కరిగి, గొంతు దిగేదాకా ఆగింది.

"ఇది మంచిదవ్వా."

రెండో ముక్క. మళ్ళీ ఆగింది. "ఇది గూడా మంచిదే."

మూడో ముక్క మొదట మిగతావాటి కంటే తియ్యగా అనిపించింది. 'మంచిది' అనే మాట నోటి చివరకు వచ్చేసింది. షాహిదా పళ్ళు బిగించి ఆపుకుంది. తొందరేం లేదు, తొందరేం లేదు అనుకుంది. కరగనిచ్చింది. అప్పుడు, నాలుక వెనక సన్నగా వచ్చింది ఉప్పు.

"ఇదే అవ్వా! ఇది వద్దు!"

మారెక్క అదే ముక్కలో మిగిలింది తన నోట్లో వేసుకుంది. చప్పరం కింద అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె నిదానంగా చప్పరించింది. తర్వాత తుపుక్కున బయటికి ఉమ్మింది.

"నిజమే! ఉప్పు కషాయం!" అని చప్పట్లు చరిచింది. "నా ఈడు ఆడోళ్ళకే దొరకదు ఈ ఉప్పు. ఈ పిల్లకి దొరికింది సూడండే!"

ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఒకావిడ షాహిదా బుగ్గలు పుణికింది. రేఖ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నా పెండ్లికి రాకుంటే ఊరుకోను," అంది.

మారెక్క మిగిలిన రెండు అచ్చులనూ రుచి చూసి తల ఊపింది. "నాగా, ట్రాక్టరు బెళుగుప్పకే పోనీ. వద్దని చెప్పే అంగడి యాడ దొరుకుతాది మనకి?"

పీరాసాబ్ అటు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమటని అన్నాడు గానీ, షాహిదా నమ్మలేదు.

సాయంత్రం ఐదు గంటలకు ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ బెళుగుప్ప వీధిలోకి వచ్చింది. ట్రాలీలో మారెక్క, రేఖ, పది మంది ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో, గెలిచిన ఎమ్మెల్యే మాదిరి నిలబడి షాహిదా. అమీర్ బీ గుమ్మంలోకి వచ్చి చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది. హనుమంతప్ప ఇంట్లోంచి పరుగు లాంటి నడకతో వచ్చేశాడు.

"తాతా, రా!" అని షాహిదా ట్రాలీ దిగుతూనే బొరుగుల సంచి మూతి విప్పి ఆయన ముందు పెట్టింది. "కరకరమంటాండాయో లేదో చూడు."

హనుమంతప్ప నాలుగు బొరుగులు నోట్లో వేసుకున్నాడు. "అంటాండాయి పాపా, బాగా అంటాండాయి," అని రెండు సేర్లు కొలవమన్నాడు.

అంగడి కిటకిటలాడిపోయింది. ఒకరు మిరపకాయలు విరుస్తున్నారు, ఒకరు శనగపప్పు కొరుకుతున్నారు. బెంచీ మీద చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. షాహిదా రేఖ తెచ్చిన చీటీ అందుకుని, ఒక్కో సరుకు పేరూ మారెక్కకు గట్టిగా చదివి వినిపిస్తోంది.

అప్పుడే పీరాసాబ్ ఫోన్ మోగింది. బెంగళూరు నుంచి కలీముల్లా. షాహిదా చదవడం ఆపేసింది.

"ఆఁ తమ్ముడూ... లేదప్పా, నేను రాను. ఆ పని ఇంగెవురికన్నా చెప్పు." పీరాసాబ్ ఒక చెవి మూసుకుని అరుస్తున్నాడు. "ఏమో, నీ మాట వినపడల్యా. అంగట్లో జనం ఎక్కువుండారు!"

షాహిదాకు గట్టిగా అరవాలనిపించింది. ఎగరాలనిపించింది. కానీ మారెక్క అరచెయ్యి చాపి ఎదురుచూస్తోంది, వెనక నుంచి ఎవరో "బిరీన కానీ పాపా, లైనుండాది!" అంటున్నారు. ఈసారి లైను నిజంగానే ఉంది.

"రోంత సేపు కూర్చో అన్నా," అంది షాహిదా. గుప్పెడు కందిపప్పు తీసి మారెక్క అరచేతిలో పోసింది. "అవ్వ ఇంగా చూడల్యా."